ఎడారి రాళ్ళలో పాత సముద్రాన్ని చదవడం ఎలా? గుంటూరు నాపరాయి నుంచి జైసల్మేర్ గుట్టల దాకా

జైసల్మేర్ కోట చూసొచ్చిన మనవాళ్ళు ఆ పసుపు రాయిని ఎడారి రాయి అంటుంటారు. అది ఎడారిలో దొరికిన మాట నిజమే కానీ ఎడారిలో పుట్టలేదు. సుమారు 16-17 కోట్ల ఏళ్ళ కిందట, వెచ్చగా ఉండి పెద్ద లోతు లేని సముద్రంలో పేరుకున్న సున్నపురాయి అది. అదే గుట్టలకి కొంచెం ఆగ్నేయంగా వెళ్తే నదులు మోసుకొచ్చిన ఇసుకరాయి, అందులో చెట్ల మానులు రాయిగా మారి పడుంటాయి. అంటే ఒకప్పుడు అక్కడ నేల, తర్వాత సముద్రం, తర్వాత మళ్ళీ నేల. ఈ రాకపోకలన్నీ రాతి పొరల్లోనే రాసి ఉన్నాయి, చదవడం నేర్చుకోవాలి అంతే. జియాలజీ డిగ్రీ లేకపోయినా మొదటి మెట్లు ఎక్కొచ్చు, ఓపిక మాత్రం బాగా కావాలి.

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళంతా పొరని చూస్తారు: ఇది ఇసుకరాయి, ఇది సున్నపురాయి, దీంట్లో గవ్వ ఉంది అని. సముద్రం పెరిగిందా తగ్గిందా అనేది మాత్రం ఎక్కువగా పొరలో ఉండదు. ఒక పొర ఆగి ఇంకోటి మొదలైన ఆ గీత దగ్గర ఉంటుంది. పొరకి పది నిమిషాలు ఇస్తే గీతకి అరగంట ఇవ్వండి.

అంత దూరం ఎందుకు, ఇక్కడ రాళ్ళు లేవా

ఉన్నాయి, కానీ కనబడవు. గుంటూరు చుట్టూ నల్లరేగడి, మిర్చి చేలు, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. విజయవాడలో కొండలున్నాయి కదా అంటారేమో. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం వైపు కొండలు ఖోండలైట్, చార్నకైట్ రకాలు. ఖోండలైట్ పుట్టుక ఒకప్పటి బురదే అయినా, భూమి లోపల వేడికీ ఒత్తిడికీ పూర్తిగా మారిపోయింది. దాంట్లో మీకు కనబడే చారలు నీళ్ళు వేసిన పొరలు కావు, రాయి నలిగినప్పుడు ఖనిజాలు వరసకట్టిన గుర్తులు. అక్కడ నిలబడి సముద్రాన్ని చదవబోతే కుదరదు.

ఎడారిలో మట్టి పలచన, చెట్టూ చేమా తక్కువ, రాయి ఎముకలాగా బయటే ఉంటుంది. ఒక పొర పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ నడిచిపోవచ్చు. ఇంకో లాభం ఏంటంటే, వానలు బాగా పడేచోట సున్నపురాయి కరిగి లోయలైపోతుంది, పొడి దేశంలో అదే రాయి గట్టిగా నిలబడి అంచు కడుతుంది. అందుకే ఎడారి గుట్టని దూరం నుంచి చూసినా మెట్లు మెట్లుగా కనబడుతుంది. నిటారుగా ఉన్నవి ఇసుకరాయో సున్నపురాయో అయి ఉంటాయి, మధ్యలో వాలుగా జారిపోయినవి బురద గట్టిపడి అయిన మెత్తటి షేల్. ఆ మెట్లని లెక్కపెట్టడమే సగం పని.

మొదటి పని: ఇంట్లో నాపరాయి

రైలెక్కేముందు ఇంట్లో కింద చూడండి. పాత ఇళ్ళల్లో పరిచిన మాచర్ల, పిడుగురాళ్ళ వైపు నాపరాళ్ళు పల్నాటి సున్నపురాయే. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదే. బాత్రూం యాసిడ్ ఈ బండ మీద పడితే నురుగు వచ్చి, మెరుపు పోయి, తెల్ల మచ్చ మిగులుతుంది కదా, ఆ నురుగు కార్బన్ డయాక్సైడ్. రాయిలో కాల్షియం కార్బొనేట్ ఉందని దానర్థం. ఫీల్డులో చేసే పరీక్ష కూడా ఇదే.

పాలిష్ చేయని ముక్క ఒకటి సంపాదించండి, రాళ్ళు కోసే షెడ్డు దగ్గర అడిగితే ఇస్తారు. పక్క అంచుని తడిపి, భూతద్దంతో చూడండి. వెంట్రుక మందం నుంచి వేలు మందం దాకా బూడిద రంగులో, ముదురుగా ఒకటి లేతగా ఒకటి పొరలు కనబడతాయి. గవ్వ కోసం వెతక్కండి, ఉండదు. ఈ రాయి ప్రొటెరోజోయిక్ కాలంది, పెంకు ఉన్న జంతువులే ఇంకా పుట్టలేదు. ఇసుక రేణువులు కూడా దాదాపు ఉండవు. అంటే నది నోటికి దూరంగా, అడుగు పెద్దగా కదలని నీళ్ళలో, సున్నపు బురద నెమ్మదిగా దిగిన చోటు. గవ్వ లేకుండానే ఇంత చెప్పగలిగాం, గుర్తుపెట్టుకోండి.

కర్నూలు వైపు ఇదే కుటుంబంలో అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడిన ఇసుకరాయి), దాని మీద నార్జి సున్నపురాయి ఉంటాయి. బెలూం గుహలు తొలిచింది ఈ నార్జిలోనే. అడుగున గులకరాళ్ళు, ఇసుక, మీద సున్నపు బురద. ఒడ్డు వెనక్కి జరిగి నీళ్ళు లోపలికి వచ్చాయని చెప్పే వరస ఇది.

రెండో పని: సూర్యలంక

ఇది దాటవేయకండి. పాత సముద్రాన్ని చదవాలంటే ఇప్పటి సముద్రం ఏం రాస్తుందో చూడాలి కదా. పాటు సమయానికి బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్ళండి, పొద్దున్నే అయితే జనం తొక్కకముందు గుర్తులు బాగుంటాయి. నీళ్ళ అంచు నుంచి లోపలికి నడుస్తూ ఫోటోలు తీయండి, ప్రతి ఫోటోలో స్కేలు గానీ పెన్ను గానీ ఉండాలి.

నీళ్ళు వెనక్కి వెళ్ళిన చోట అలల ముడతలు చూడండి. అల ముందుకీ వెనక్కీ ఊగేచోట ముడతకి రెండు వాలులూ ఒకలాగే ఉంటాయి. నీళ్ళు ఒకవైపే పారిన చిన్న కాలవలో అయితే ఒక వాలు నిటారుగా, ఇంకోటి సాగినట్టు ఉంటుంది. కొంచెం పైకొస్తే ఎండ్రకాయ బొరియలు నిలువుగా దిగి ఉంటాయి. ఇంకా పైన గాలి పోగేసిన ఇసుక దిబ్బ మీద ముడతలు పలచగా, ఎత్తు బాగా తక్కువగా, ఎడంగా ఉంటాయి. ముడతల మధ్య దూరాన్ని ఎత్తుతో భాగిస్తే గాలి ముడతలకి సాధారణంగా 15 కంటే ఎక్కువ వస్తుంది, నీటి ముడతలకి తక్కువ. నిజాంపట్నం వైపు వెళ్తే మడ అడవి, దాని కింద వేళ్ళు నిండిన నల్ల బురద.

ఇప్పుడు మోకాలి లోతు గొయ్యి తీసి ఒక పక్కని తాపీతో నున్నగా కొయ్యండి. లేత ఇసుక మధ్య సన్నటి నల్ల చారలు, సముద్రం వైపు కొద్దిగా వాలి ఉంటాయి. నల్లగా ఉన్నవి బరువైన ఖనిజాలు, అల తేలిక ఇసుకని ఊడ్చుకుపోతే మిగిలినవి. రాతిలో ఇదే వాలు, ఇవే చారలు కనబడితే మీరు పాత ఒడ్డు మీద నిలబడ్డట్టే.

1894లో జర్మన్ శాస్త్రవేత్త యొహానెస్ వాల్థర్ చెప్పిన సూత్రం ఇక్కడ బుర్రకెక్కుతుంది. పక్కపక్కన ఏర్పడిన చోట్లే ఒకదాని మీద ఒకటి పొరలుగా వస్తాయి, మధ్యలో తెగకుండా ఉంటే. సముద్రం లోపలికి జరిగితే దిబ్బ ఇసుక మీద ఒడ్డు ఇసుక, దాని మీద లోతు బురద పడతాయి. వెనక్కి జరిగితే వరస తిరగబడుతుంది. ‘తెగకుండా ఉంటే’ అన్న షరతు మర్చిపోయినవాళ్ళే తర్వాత పప్పులో కాలేస్తారు.

సామాను

పది రెట్ల భూతద్దం, నగల షాపులవాళ్ళు వాడేదైనా చాలు. టేపు, 1.5 మీటర్ల కర్ర దాని మీద 10 సెంటీమీటర్లకి ఒక గీత, వాలు కొలిచే క్లైనోమీటర్, లేకపోతే ఫోన్లో యాప్. ఇనప మేకు, చిన్న సుత్తి, గీతల నోటుబుక్కు, పెన్సిలు. పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ డ్రాపర్ సీసాలో. యాసిడ్ రైల్లో తీసుకెళ్ళకూడదు, అక్కడే కొనుక్కోండి, పలచన చేసేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. మన రోహిణి కార్తె ఎండకి అలవాటుపడ్డాం కదా అని మే నెలలో థార్ వెళ్ళే పెద్దమనుషులకి నేనేం చెప్పలేను.

ఇంకోటి. మొదట్లో చెప్పిన రాయిగా మారిన మానులున్న చోటు, జైసల్మేర్ దగ్గరి అకల్ శిలాజ వనం, జాతీయ భూవైజ్ఞానిక స్మారకం, అక్కడ సుత్తి సంచిలోంచి తీయకూడదు, ముక్క జేబులో వేసుకోకూడదు. సరిహద్దు దగ్గరకి వెళ్ళేముందు జైసల్మేర్‌లో అనుమతుల సంగతి అడిగి తెలుసుకోండి.

గుట్ట దగ్గర: పైదేది, కిందదేది

ముందు దూరంగా నిలబడి మొత్తం గుట్ట బొమ్మ వేసుకోండి. ఆర్టిస్టు అక్కర్లేదు, మెట్లు వేస్తే చాలు. తర్వాత పొరలు తలకిందులు కాలేదని నిర్ధారించుకోండి. జైసల్మేర్‌లో పొరలు పెద్దగా కదల్లేదు, వాయవ్యం వైపు కొద్ది డిగ్రీలు మాత్రమే వాలి ఉంటాయి, కాబట్టి టెన్షన్ లేదు. రాతి పొరలే మడతలు పడ్డ ప్రాంతాల్లో మాత్రం ఇది తప్పనిసరి. ఎండిన బురద బీటలు కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి. అలల ముడతల మొనలు పైకి చూస్తాయి. ఏటవాలు పొరలు అడుగున వంపు తిరిగి కలుస్తాయి, పైన కోసేసినట్టు తెగిపోతాయి. వీటిలో రెండు దొరికితే చాలు.

పొరలు వాలి ఉంటే నేల మీద కొలిచిన దూరం మందం కాదు. చదును నేల మీద, వాలు దిశలో నడిచిన దూరాన్ని వాలు కోణం సైన్‌తో గుణించాలి. 3 డిగ్రీల వాలుకి 100 మీటర్లు నడిస్తే మీరు దాటింది 5.2 మీటర్ల రాయి మాత్రమే. ఈ లెక్కలో తమాషా ఏంటంటే, జైసల్మేర్ చుట్టుపక్కల చదునుగా కనబడే రోడ్డు మీద ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వెళ్తుంటే, ఎత్తు పెరగకపోయినా మీరు కాలంలో పైకెక్కుతున్నట్టే.

లాగ్ రాయడం

లాగ్ అంటే గుట్టలో పొరలన్నీ వరసగా రాసుకునే చిట్టా. అడుగు నుంచి పైకే రాయండి, పై నుంచి కిందికి ఎప్పుడూ వద్దు, ఎందుకంటే రాయి ఆ వరసలో పేరుకోలేదు. పేజీకి ఎడమవైపు మీటర్లు, కుడివైపు రేణువు సైజు. బంకమట్టి సన్నగా, ఇసుక వెడల్పుగా, గులకరాయి ఇంకా వెడల్పుగా గీయండి, పేజీ పూర్తయ్యేసరికి పక్క అంచే ఒక గ్రాఫ్ అవుతుంది. 2 మిల్లీమీటర్ల నుంచి 1/16 మిల్లీమీటరు దాకా ఇసుక. అంతకంటే చిన్నది సిల్టో బంకమట్టో తేల్చుకోవాలంటే చిన్న తునక ముందు పళ్ళ మధ్య పెట్టండి. కరకరలాడితే సిల్టు, జారితే బంకమట్టి. జియాలజిస్టులు నిజంగానే ఇలా చేస్తారు, ఎవరైనా చూసి నవ్వితే నవ్వనివ్వండి.

ప్రతి పొరకి మందం, రేణువు, యాసిడ్ పొంగిందా లేదా, మేకు గీత పడిందా లేదా, లోపలి గీతలు ఎలా ఉన్నాయి, శిలాజం ఉందా, పై అంచు ఎలా ఉంది అని రాయండి. పొడి చేస్తేనే పొంగితే డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న, సున్నపురాయి లాంటి రాయి) కావచ్చు. ‘ఇది ఒడ్డు’, ‘ఇది నది’ లాంటి తీర్పులు ఇప్పుడే రాయకండి. తీర్పు ముందు రాస్తే కళ్ళు దానికి సాక్ష్యాలే వెతుకుతాయి.

ఒక్కో పొర అడ్రసు

సాయంత్రం గదికొచ్చాక, టీ తాగి, అప్పుడు తీర్పులు.

రంగుని నమ్మకండి, ముందు ఇదే చెప్పాలి. ఎరుపు అంటే ఇనుము తుప్పు పట్టింది అని, ఎడారి అని కాదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్‌లో రెడ్‌వాల్ అనే పెద్ద గోడ ఉంది, ఎర్రగా మెరుస్తుంది, తీరా విరిస్తే లోపల బూడిద రంగు సముద్రపు సున్నపురాయి. పైనున్న ఎర్ర పొరల నుంచి వాన నీళ్ళు కార్చిన రంగు అది.

నిజంగా ఎడారి దిబ్బ రాయి కావాలంటే అదే లోయలో పైన కనబడే కొకొనినో ఇసుకరాయి చూడండి, సుమారు 27-28 కోట్ల ఏళ్ళ కిందటిది. ఏటవాలు పొరలు మీటర్ల కొద్దీ ఎత్తు ఉంటాయి. దిబ్బకి గాలి తగలని అవతలి వాలు మీంచి ఇసుక జారి సుమారు 30 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, ఆ కోణం రాతిలో కొంత నొక్కుకుపోయి మిగులుతుంది. రేణువులన్నీ దాదాపు ఒకే సైజు, గుండ్రంగా, పైన మసకగా ఉంటాయి, మధ్యలో బంకమట్టి గానీ అభ్రకం గానీ కనబడదు. పైన చెప్పిన పలచటి గాలి ముడతలూ, పాకే జంతువుల అడుగుజాడలూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. అదే లోయలో దీని మీద టోరోవీప్, కైబాబ్ పొరలు, కైబాబ్‌లో సముద్రపు శిలాజాలు. ఇసుక ఎడారి మీదికి సముద్రం వచ్చిందన్నమాట.

ఆటుపోట్ల గుర్తు నాకు చాలా ఇష్టం. ఏటవాలు గీతలు ఒక పొరలో కుడికి, దాని మీద పొరలో ఎడమకి వాలుతుంటే నీళ్ళు రెండువైపులా పారాయని. ఇసుక గీతల మధ్య పలచటి బురద తెర ఉంటే పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు కాసేపు ఆగాయని. బాగా దొరికిన చోట ఆ జంటలు మందంగా మొదలై సన్నబడి మళ్ళీ మందం అవుతాయి, అమావాస్య పౌర్ణమి పోట్ల లెక్క అది. కోట్ల ఏళ్ళ కిందటి చంద్రుడి పని మీ గోరు మందంలో కనబడుతుంది.

బొరియలు కూడా లోతు చెబుతాయి. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ సైలాకర్ 1967లో దీన్ని పద్ధతిగా పెట్టాడు. అలలు కొట్టే ఇసుకలో జీవులు నిలువుగా దాక్కుంటాయి, నీళ్ళు నెమ్మదించిన చోట ఆహారం అడుగున దిగుతుంది కాబట్టి అడ్డంగా పాకుతాయి. సూర్యలంక ఎండ్రకాయ గొయ్యిని గుర్తు తెచ్చుకోండి. నిలువు బొరియల పొర మీద అడ్డం జాడల పొర వస్తే నీళ్ళు లోతయ్యాయని అనుమానించొచ్చు, ఒక్క దాంతోనే తేల్చకండి.

సున్నపురాయిలో 2 మిల్లీమీటర్ల కంటే చిన్న గుండ్రటి గింజలు, విరిస్తే లోపల చుట్లు చుట్లుగా ఉన్నవి ఊయిడ్లు. వెచ్చని, లోతు తక్కువ, అలలతో కదిలే నీళ్ళు ఉండాలి వాటికి. ముదురు ఆకుపచ్చ గ్లాకొనైట్ గింజలు కనబడితే సముద్రం అడుగున మట్టి చాలా నెమ్మదిగా చేరిందని.

జిప్సం, ఉప్పు పొరలు ఎండిపోతున్న నీటివి. సముద్రపు నీరు ఆవిరవుతుంటే ముందు జిప్సం దిగుతుంది, ఉప్పు దిగాలంటే సుమారు పదో వంతు నీరే మిగలాలి. అబుదాబి తీరంలో సబ్ఖా అనే ఉప్పు నేలల కింద ఈ పని ఈరోజుకీ జరుగుతోంది. థార్‌లో మాత్రం జాగ్రత్త, షేల్ పగుళ్ళలో మెరిసే జిప్సం చాలాసార్లు తర్వాతెప్పుడో నీళ్ళు తెచ్చి నింపింది. పొరలని అడ్డంగా కోసుకుంటూ పోతే అది పగులు, దాన్ని లాగ్‌లో పొరగా రాయొద్దు.

తుఫాను పొరల సంగతి మనకి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన సముద్రాన్ని ఊళ్ళ మీదికి తెచ్చింది, అలాంటిది నేల మీద ఇసుకా గవ్వలూ ఒక పలచటి పొరగా వదిలేస్తుంది. రేపు ఎవరో తవ్వి ‘ఇక్కడికి సముద్ర మట్టం పెరిగింది’ అంటే తప్పు, అది ఒక్క రాత్రి పని. బురద మధ్యలో ఒకే ఒక్క ఇసుక పొర, అడుగున విరిగిన గవ్వలు, పైకి పోయేకొద్దీ సన్నబడి, దాని మీద మళ్ళీ అదే పాత బురద ఉంటే తుఫానో సునామీయో అనుకోండి. సముద్ర మట్టం మారితే ఆ తర్వాత పొరలన్నీ మారిపోతాయి.

గీతల దగ్గర ఆగండి

ఇప్పుడు అసలు పని. మళ్ళీ గుట్టకి వెళ్ళండి, లాగ్ చేతిలో పెట్టుకుని, ప్రతి పొర పై అంచుని చేత్తో తడుముతూ నడవండి.

మెల్లగా మారిన అంచుకి ఎక్కడ గీత గీయాలో తెలియదు. ఇసుక పోయి కొంచెం కొంచెంగా బురద వస్తుంది. వాల్థర్ సూత్రం ఇక్కడ పనిచేస్తుంది.

ఇసుకరాయి మీద కత్తితో కోసినట్టు ఒక్కసారిగా లోతు సముద్రపు షేల్ వచ్చి కూర్చుంటే, నీళ్ళు వేగంగా లోపలికి వచ్చాయని. గీత మీద పలచగా గులకరాళ్ళు, అరిగిన గవ్వలు, ఒక్కోసారి సొర చేప పళ్ళు ఉంటాయి, ముందుకు జరుగుతున్న అలలు పాత ఒడ్డుని గీకి వదిలిన చెత్త అది. వేలు మందమే ఉంటుంది కాబట్టి చాలామంది దాటుకుని పోతారు.

దీనికి ఎదురు గీత, కింద లోతు సముద్రపు బురద, దాన్ని గుంతలు గుంతలుగా కోసేసి మీద నది ఇసుక. మధ్యలో రావలసిన ఒడ్డు పొరలే లేవు. సముద్రం వెనక్కి పోయి, నేల బయటపడి, వాగులు తొలిచాయి. గుంత అంచుల్లో వేళ్ళ జాడలు, ఎర్రబడ్డ పాత మట్టి, సున్నపు గడ్డలు దొరికితే ఇంకా బలం. ఈ గీతలో ఎంత కాలం పోయిందో కంటికి తెలియదు. గ్రాండ్ కాన్యన్ అడుగున టాపీట్స్ ఇసుకరాయి సుమారు 50 కోట్ల ఏళ్ళది, కొన్నిచోట్ల అది నేరుగా కూర్చున్న రాయి సుమారు 170 కోట్ల ఏళ్ళది. చెయ్యి వెడల్పులో వంద కోట్ల ఏళ్ళకి పైగా గల్లంతు.

మూడో రకం గీత సముద్రం బాగా లోపలికొచ్చిన క్షణం. ఒడ్డు దూరమైపోతే మట్టి ఇక్కడిదాకా చేరదు, అడుగు ఖాళీగా ఉండి గట్టిపడుతుంది, జీవులు దాన్ని తొలుస్తాయి, లక్షల ఏళ్ళ శిలాజాలు పలచటి పొరలో కిక్కిరిసిపోతాయి. కచ్‌లో జురాసిక్ నాటి ధోసా ఊలైట్ దీనికి మంచి ఉదాహరణ, అమ్మోనైట్లు (చుట్లు తిరిగిన పెంకున్న, ఇప్పుడు లేని సముద్ర జీవులు) కుప్పలుగా ఉండే పలచటి పొర. అమ్మోనైట్లు దండిగా దొరికాయి కాబట్టి ఇక్కడ జీవం పొంగిపొర్లింది అనుకుంటారు చాలామంది. కాదు, వాటిని కప్పెట్టడానికి మట్టి రాలేదు.

జైసల్మేర్ మీద చదివి చూద్దాం

అకల్ దగ్గర లాఠీ ఇసుకరాయి, చెట్ల మానులు: నది, నేల. దాని పై భాగంలో ఆటుపోట్ల గుర్తులు మొదలవుతాయి, థయ్యాత్ గుట్ట దగ్గర డైనోసార్ అడుగుజాడలు కూడా దొరికాయి. తీరం దగ్గరకొచ్చింది. ఆ మీద కోట కట్టిన జైసల్మేర్ సున్నపురాయి, సముద్రం వచ్చేసింది. ఇంకా వాయవ్యానికి పోతే బైసాఖి షేల్, తర్వాత బదాసర్ పొరలు, ఆ తర్వాత పరివార్ ఇసుకరాయి, ఇందులో మొక్కల శిలాజాలు, మళ్ళీ నేల వైపు. ఆఖర్న హాబూర్ ఊరి దగ్గర గవ్వలూ అమ్మోనైట్లూ కిక్కిరిసిన సున్నపురాయి, మళ్ళీ సముద్రం. ఆ హాబూర్ రాతి గిన్నెలో పాలు పోస్తే తోడు లేకుండా పెరుగవుతుందని అక్కడ అమ్ముతారు, కొనేముందు ఆలోచించుకోండి.

లాగ్ పక్కన కాగితం మీద ఒక వంకర గీత గీయండి. ఎడమ నేల, కుడి లోతు. కోత ఉన్నచోట గీతని తెంపండి, అతికించకండి.

ఇంత దూరం ముందే వద్దనుకుంటే నూజివీడు దగ్గర గొల్లపల్లి ఇసుకరాయి, దాని మీద అమ్మోనైట్లున్న రాఘవాపురం షేల్, ఆ మీద ద్వారకా తిరుమల వైపు తిరుపతి ఇసుకరాయి ఉన్నాయి. జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ కాలంలో సముద్రం లోపలికొచ్చి వెళ్ళిన కథ ఇది, విజయవాడ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు. క్వారీలు, రోడ్డు కోతలు తప్ప బయట కనబడేది తక్కువ, క్వారీలోకి అడగకుండా దిగొద్దు.

సముద్రం పెరిగిందా, నేల కుంగిందా

మీరు గీసిన వంకర గీత ఒడ్డు కదలికది, సముద్ర మట్టానిది కాదు. సముద్రం పెరిగినా, నేల కుంగినా రాతిలో ఒకేలా కనబడుతుంది. నది ఎక్కువ మట్టి తెస్తే మట్టం మారకుండానే ఒడ్డు ముందుకు జరుగుతుంది, దీనికి కృష్ణా డెల్టాయే సాక్ష్యం. పొన్నూరు, బాపట్ల వైపు తీరానికి సమాంతరంగా సాగే ఇసుక మెరకలు పాత ఒడ్డులు. వాటికీ ఇప్పటి సముద్రానికీ మధ్యనున్న నేలలో పెద్ద వాటా నది పోసిన మట్టిది. మధ్యధరా సముద్రం సుమారు 60 లక్షల నుంచి 53 లక్షల ఏళ్ళ కిందట అట్లాంటిక్‌తో దారి మూసుకుపోయి ఎండి, అడుగున ఉప్పు పొరలు వేసింది. దాన్ని ప్రపంచమంతా సముద్రం అంత దిగిందని చదివితే ఘోరం.

ప్రపంచ మట్టం అని చెప్పాలంటే ఒకే వయసులో, ఒకదానికొకటి సంబంధం లేని ఖండాల్లో, అదే కదలిక కనబడాలి. మంచు కారణమైతే మార్పు వేగంగా ఉంటుంది. సుమారు 20,000 ఏళ్ళ కిందట మంచు బాగా పేరుకున్నప్పుడు సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేది. సముద్రం అడుగు ఉబ్బినా కుంగినా అయితే కోట్ల ఏళ్ళలో నెమ్మదిగా జరుగుతుంది. 1977లో పీటర్ వెయిల్ బృందం, 1987లో బిలాల్ హక్ బృందం చమురు వెతికే సర్వేల నుంచి ప్రపంచ మట్టం గ్రాఫులు గీశాయి, వాటి మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. మీ లాగ్‌ని ఆ గ్రాఫుకి బలవంతంగా సరిపెట్టకండి.

వయసు లేకుండా ఇదంతా గాలిలో మేడ. అమ్మోనైట్లు, ఫొరామినిఫెరా అనే చాలా చిన్న పెంకు జీవులు, అగ్నిపర్వత బూడిదలో జిర్కాన్లు అనే ఖనిజపు గింజలు, పెంకుల్లో స్ట్రాన్షియం అనే మూలకం, రాయి వయసు తేల్చడానికి వీటిలో ఏదో ఒకటి కావాలి. గ్రాండ్ కాన్యన్‌లో టాపీట్స్ ఇసుకరాయి, బ్రైట్ ఏంజెల్ షేల్, మువావ్ సున్నపురాయి అనే ప్రసిద్ధ వరస ఉంది. సముద్రం పడమర నుంచి తూర్పుకి నడిచొచ్చిందనీ, ఒకే ఇసుకరాయి పడమరన పాతది, తూర్పున కొత్తది అనీ ఎడ్విన్ మెకీ 1945లో చూపించాడు. 2018లో జిర్కాన్లు లెక్కగట్టాక తేలింది ఏంటంటే, ఆ రాక సుమారు 50.5 నుంచి 50 కోట్ల ఏళ్ళ మధ్య, ముందు అనుకున్నదానికంటే చాలా వేగంగా జరిగింది. రాయి అదే, చదవడం మారింది.

రెండో లాగ్

ఒక్క గుట్టతో ఆపకండి. వాలుకి అడ్డంగా కొన్ని కిలోమీటర్లు వెళ్ళి అదే వరసకి ఇంకో లాగ్ రాయండి. రెండు కాగితాలూ గోడకి పక్కపక్కన అంటించి, శిలాజాలు కిక్కిరిసిన ఆ పలచటి పొరని రెండింట్లోనూ ఒకే ఎత్తులో పెట్టండి, ఎందుకంటే సముద్రం అత్యధికంగా లోపలికొచ్చిన సమయం రెండుచోట్లా దాదాపు ఒకటే. ఇసుకరాయిని ఇసుకరాయికి కలిపితే వేర్వేరు కాలాలు కలిసిపోతాయి. అలా పెట్టాక ఒక దాంట్లో పై పొరలు కొన్ని కనబడకపోతే, సముద్రం అక్కడికి రాలేదని రాసేముందు మళ్ళీ ఆ గుట్టకి వెళ్ళి, ఆ ఎత్తులో గులకరాళ్ళ గీత గానీ, కోసిన గుంత గానీ, వేళ్ళ జాడలు గానీ దాటేశారేమో చూడండి. పోటు నీళ్ళు వచ్చి పొర వేసి, తర్వాత వాగు దాన్ని కోసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు మీ రెండో లాగ్‌లో గీయాల్సింది ఖాళీ కాదు, కోత.